ఉప్పు చూసే మనిషి

గుండిగలో దుంపల కూర కుతకుతలాడుతుంటే, వంటాయన గుప్పెడు ఉప్పు తీసి వేళ్ళ సందుల్లోంచి చుట్టూ జారవిడిచాడు. చెయ్యి దులుపుకుని, గోడ మేకుకి వేలాడే చిన్న చెంచాతో కాస్త ముంచి, ఊదుకుంటూ అంట్ల తొట్టి దగ్గరికి నడిచాడు.

"అక్కా, ఉప్పు చూడు."

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీ క్యాంటీన్లో అంట్లు తోమే ఆవిడకి ఏదో పేరు ఉండే ఉంటుంది. అందరికీ గిన్నెలక్కే. సబ్బు చేతులు వెనక్కి పెట్టుకుని, గూట్లో పిట్టపిల్లలా నోరు తెరిచి పోయించుకుని, కళ్ళు మూసుకుంది.

"బ్రహ్మాండం. పో, పని చూసుకో."

ఆమె ఉప్పు చూడటం ఇవాళ్టితో సరి. సాయంత్రం కూతురి ఊరికి వెళ్ళిపోతోంది. రేపెవరు చూస్తారన్నదే వంటాయన బెంగ. వంటవాడి నాలుకకి రుచి తెలియడం లేదని మేనేజరు చెవిన పడితే ఇంకేమైనా ఉందా!

అంతకుముందు ఆ పని చేసింది ఆయన కూతురు. పిచ్చుక అని పిలిచేవారు. చిన్నప్పుడు బోర్లించిన బకెట్టు మీదెక్కి, పెద్దయ్యాక కాలేజీకి పోతూ పోతూ, ఆ చెంచాతోనే చూసేది. పసితనంలో ఆడుకుంటూ ఆ చెంచా మెడ వంచిందీ ఆ పిల్లే. "నాన్నా, ఇంకో చిటికెడు" అనేది. పోయిన వానల్లో జ్వరమొచ్చి, చూస్తుండగానే చేతుల్లోంచి జారిపోయింది. దాన్ని కడుపుకోత అంటారు. తెగేది కడుపే అని వంటాయన కూడా అనుకున్నాడు. మళ్ళీ పనిలోకి వచ్చిన పూట కూర నోట్లో వేసుకుంటే తడి ఉంది, వేడి ఉంది, రుచి లేదు.

అసలా రుచి ఎటు పోయినట్టు? ఆయనకి భయం కన్నా ముందు వింతగా అనిపించింది. నిమ్మచెక్క నాకాడు. చేదు మాత్ర నమిలాడు. మిరపకాయ కొరికితే మండింది గానీ, మంట రుచి కాదు కదా. వడ్డించే కిటికీలోంచి తినేవాళ్ళ మొహాలు చూడటం మొదలెట్టాడు. పులుపుకి ఒక కన్ను మూతపడుతుంది, తీపికి కబుర్లు ఆగుతాయి. చూసి చూసి, రుచి లేని తిండి దేనికని మానేసి, టీ నీళ్ళతో రోజులు నెడుతున్నాడు. ప్యాంటు జారకుండా అట్టపెట్టెలు కట్టే తాడే నడుముకి బిగించాడు. ఇంటికెళ్ళి "క్యాంటీన్లో తిన్నా" అంటాడు. "నేనూ ఇప్పుడే తిన్నా" అంటుంది భార్య. ఎవరి అబద్ధం ఎవరికి తెలియదు గనక!

"అక్కడా అంట్లేనా అక్కా?" కూర కలుపుతూ అడిగాడు.

"కూతురింట్లో తోమితే మెచ్చుకోలు కూడా దక్కదు. పిల్లనెత్తుకుని తిరుగుతాలే."

ఆ మాట దగ్గర ఆయన చూపు ఎటో పోయింది. చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది. ఇందాక వేశానా? వేయలేదేమో. ఇంకో గుప్పెడు పడింది. మళ్ళీ చెంచా పట్టుకెళ్ళాడు.

"బ్రహ్మాండం," అంది గిన్నెలక్క.

మధ్యాహ్నం కిటికీలోంచి కనబడ్డ మొహాలు కొత్తగా ఉన్నాయి. ఒక్కొక్కరి మూతీ ముడుచుకుపోతోంది. నీళ్ళ పంపు దగ్గర తొక్కిసలాట. మేనేజరు గదిలోంచి రెండోసారి నీళ్ళడిగారు.

"వంటాయనా, సముద్రం ఏమైనా చవగ్గా దొరికిందా?" అట్టలు కోసే మిషనాయన కేకేశాడు. హాలంతా నవ్వింది.

సిగ్గుపడటం కూడా మర్చిపోయి వంటాయన తొట్టి దగ్గరికి పోయాడు. ఆమె చెప్పాక తప్పడం ఎలా కుదురుతుంది?

"అక్కా, పొద్దున ఉప్పు ఎలా ఉంది? నిజం చెప్పు."

ఆమె చేతులు తుడుచుకుంది. "నాకేం తెలుసు తమ్ముడూ."

"అదేంటి?"

"బీపీ అని డాక్టరు ఉప్పు మాన్పించి ఏళ్ళయింది. ఆ మాత్రలకి నాలుక అట్టముక్కయి కూర్చుంది. మన ఫ్యాక్టరీ సరుకే అనుకో."

"మరి రోజూ బ్రహ్మాండం బ్రహ్మాండం అన్నావు?"

"ఆ పిల్ల చెంచా పట్టుకుని నువ్వు నా ముందు నిలబడితే, తెలీదని ఎలా అనను? అయినా నీ చెయ్యి ఏనాడు తప్పింది గనక. ఇవాళ నేను పోతున్నానని తప్పింది. దాచడమెందుకు, నాకు సంతోషంగానే ఉంది."

అంటే ఇన్నాళ్ళూ ఎవ్వరూ ఉప్పు చూడని వంటే ఇంతమందీ తిన్నారన్నమాట! వంటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. తాడు ముడి ఊడి, పొట్ట వదిలి ప్యాంటు పట్టుకోవలసి వచ్చింది.

"చూడు నీ అవతారం," అంది గిన్నెలక్క. "రేపట్నుంచి చెంచాతో కాదు, కంచంతో చూసుకో. ఆకలి లేకపోయినా కూర్చో. మా మరదలికీ పట్టుకెళ్ళు. ఇద్దరూ ఎండి వడియాలైపోతే ఆ పిల్లని తల్చుకునేదెవరు?"

సాయంత్రం ఆయన పొయ్యి కడుగుతుండగా ఆమె సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానంటే ఎవరో ఒకరు ఏడుస్తారని కాబోలు, చెప్పలేదు. ఆయన తలెత్తి చూస్తే తొట్టి ఖాళీగా ఉంది.

బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. కంచంలో రొట్టె, మిగిలిపోయిన కూర. మొదట్లో ఎప్పటిలాగే తడి, అంతే. ఏం జరుగుతుందో చూద్దామని నమిలాడు. కంచం సగమయ్యాక నాలుక అంచున, ఎక్కడో మూల, చురుక్కుమంది. నమలడం ఆపాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. మూతి దానంతటదే ముడుచుకుపోయింది.

"ఛీ, ఉప్పు కషాయం!" అన్నాడు గట్టిగా, ఏదో లాటరీ తగిలినవాడిలా.

నీళ్ళు తాగుతూ తాగుతూ కంచం ఖాళీ చేశాడు. మిగిలిన కూరలో ఉప్పు తగ్గడానికి ఇంకొన్ని దుంపలు ఉడికించి, చిదిమి కలిపి, భార్య కోసం క్యారేజీ నింపాడు. సరిపోయిందో లేదో చూద్దామని గోడకేసి తిరిగాడు.

మేకుకి మెడ వంగిన చెంచా వేలాడుతోంది, గిన్నెలక్క తోమిన మెరుపుతో, అంచున ఒక నీటిబొట్టు ఇంకా జారకుండానే.