తొట్టి దాహం

ఓత్మార్ అయిదోసారి కుర్చీలోంచి లేచాడు. అడ్డంగా కట్టిన తాడు దాకా వెళ్ళి, తొట్టిని చూసి, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కోట నేల గీసుకుపోకుండా బూట్ల మీద తొడుక్కున్న ఉన్ని జోళ్లు చప్పుడు చెయ్యవు కాబట్టి సరిపోయింది గానీ, ఆయన తిరుగుడుకి కోటంతా మోగిపోయేది.

ఇప్పుడు మ్యూజియమైన మా హ్లోదావ కోటలో అది చేతివృత్తుల గది. పైకప్పు నిండా బొద్దు దేవదూతల బొమ్మలు, కింద మగ్గం, కుమ్మరి చక్రం, ఓ చెక్క పాలబకెట్టు. మూలన క్యాబేజీ ఊరేసే ఓక్ చెక్క తొట్టి, పక్కన పీట, సుత్తి. ఆ మూలనున్నవి మూడూ ఓత్మార్ ఇంటివే. తొట్టి వాళ్ల నాన్న చేసింది. చెక్క పీపాలు కొనేవాళ్లు లేక ఓత్మార్ తమ కొట్టు మూసేసినప్పుడు వీటిని మ్యూజియానికిచ్చి, కాపలాకి తనే చేరాడు. తొమ్మిదేళ్లుగా వచ్చినవాళ్లందరికీ ముట్టుకోవద్దని చెబుతూనే, రోజూ పొద్దున్న ఫ్లాస్కుతో నీళ్లు తెచ్చి, ఎవరూ చూడకుండా తొట్టిలో పోసేవాడు. చెక్క ఎండితే ఇనుప కట్లు జారి తొట్టి విడిపోతుంది. మ్యూజియం వాళ్లకి ఇది తెలియదు. వాళ్లకి తడంటేనే హడల్.

ఇవాళ అక్టోబరు ఆఖరు రోజు. నాలుగింటికి మూస్తే మళ్ళీ తెరిచేది ఏప్రిల్‌లోనే. పొద్దున్నే ఎవరో చెమ్మ లాగే యంత్రం తెచ్చి గదిలో పెట్టిపోయారు. అది గురగురమంటుంటే ఓత్మార్‌కి కాలు నిలవడం లేదు.

"ఇందులో స్నానం చేసేవాళ్లా?" అన్నాడు చూడవచ్చిన ఓ లావుపాటాయన.

"క్యాబేజీ ఊరేసేవాళ్లండి. మీరైతే రెండు విడతలు పడతారు."

ఆయన భార్య పడీపడీ నవ్వింది. ఓత్మార్‌కి నవ్వు రాలేదు. పై కట్టు అప్పుడే వేలెడు జారింది.

మూడింటికి కోట అధికారి లిబ్యెనా వచ్చింది.

"మేడమ్, చలికాలమంతా ఇది నడిస్తే తొట్టి బతకదు."

"ఆపితే పైన బొమ్మలు బతకవు ఓత్మార్ గారూ. చెమ్మకి బూజెలా పట్టిందో చూశారుగా? నన్నేం చెయ్యమంటారు?"

ఆమె మాటలో తప్పులేదు. అందుకే ఆయనకి మరీ కష్టంగా ఉంది.

ఆఖరి గుంపు వెళ్ళిపోయాక ఓత్మార్ తాడు దాటాడు. తన పీట మీద తనే కూర్చుని, సుత్తి తీసుకుని, తొట్టి చుట్టూ కట్టును కొంచెం కొంచెంగా దిగగొట్టాడు. పొద్దుట్నుంచీ కుదురులేని మనిషి అప్పటికి కుదుటపడ్డాడు.

తలెత్తేసరికి గుమ్మంలో లిబ్యెనా ఉంది.

"మా నాన్న చేసిందమ్మా ఇది," అన్నాడు.

"తొమ్మిదేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"మీరడగలేదు." సుత్తి యథాస్థానంలో, తన ఫ్లాస్కు కిటికీ గట్టు మీద పెట్టాడు. "శుక్రవారం శుక్రవారం ఓ ఫ్లాస్కుడు నీళ్లు పోయించండి. ఎక్కువొద్దు, చలికి నీళ్లు గడ్డకడితే చెక్క పగులుతుంది."

ఆమె చేతి గడియారం చూసుకుంది. "మీ బస్సు వెళ్ళిపోతుంది, బయల్దేరండి," అంది.

జనవరిలో ఓత్మార్ నిద్రలోనే పోయాడు. అంత్యక్రియలకి లిబ్యెనా వచ్చి, వెనకవరసలో నిలబడి, అవగానే కోటవైపు వెళ్ళిపోయింది. అది శుక్రవారం.

ఏప్రిల్‌లో గది తెరిచారు. పాలబకెట్టు విడిపోయి చెక్కల కుప్పయింది. తొట్టి మాత్రం నిలబడే ఉంది. కిటికీ గట్టు మీద ఓత్మార్ ఫ్లాస్కు ఉంది, మూత ఇంకా తడిగా.