రాహుకాలం దాటాక నొక్కుదామని

అమ్మణ్ణి సంచి అది మూడోసారి సర్దడం. ఒకసారి సర్ది, నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చేలోగా ఆవిడ అన్నీ మంచం మీద పరిచేసింది.

"ఓలమ్మ, తువ్వాలు పెట్టనేదు గదా వదినా."

"పెట్టేను. నువ్వే తీసీసినావు."

"నానెందుకు తీత్తాను? మతి నీకే పోతంది. డెబ్బయ్యారు వచ్చీసినాయి నీకు."

రెండు చీరలు, తువ్వాలు, బీపీ మాత్రలు, ఇక్కడి గోధుమపిండి బిళ్లలు ఠేకువాల పొట్లం, టాటానగర్ గోల్‌మురి బజారులో కొన్న చిన్న ఊలు టోపీ. ఆ టోపీ ఆవిడ తమ్ముడి మనవడికి. టెక్కలి దగ్గర వాళ్ల ఊళ్లో ఆ పిల్లవాడికి అన్నప్రాసన. శుక్రవారం బండి. అమ్మణ్ణికి డెబ్బయ్యొకటి. ఏడాదిగా కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, తనుండే సిద్ధగోరాలో సొంత వీధి దాటితే దారి తెలియకపోవడం మొదలైంది. కొడుకు ఆదిబాబు కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. ప్లాంటులో మరమ్మతుల షట్‌డౌన్ నడుస్తోంది, సెలవు దొరకలేదు.

"తోడు లేకుండా ఎలా పంపుతావురా?" అని అడిగాను ఆదిబాబుని.

"సంఘం రిజిస్టరులో పేరెక్కించు అత్తా. ఆ బండికి ఎవులో ఒకరు ఎల్తారు గదా."

మా బారిడీహ్ తెలుగు సంఘంలో ఒక పద్ధతి ఉంది. మన వైపు వెళ్లేవాళ్లు ఏ బండికి, ఏ పెట్టెలో వెళ్తున్నారో రిజిస్టరులో రాయిస్తారు. ముసలివాళ్లు, నెలలు నిండినవాళ్లు ఉంటే పేరు పక్కన 'తోడు కావాలి' అని రాస్తాం. అదే బండికి వెళ్లేవాళ్లు ముందురోజు రిజిస్టరు చూసుకుని, బండి ఎక్కాక ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లి పక్కన కూర్చుంటారు. చుట్టరికంతో పని లేదు. పేరు రిజిస్టరులో ఉంటే చాలు.

ఆ రిజిస్టరు ఇరవై రెండేళ్లు నేనే రాశాను. నేను బడికి వెళ్లలేదు. పెళ్లయి ఈ ఊరు వచ్చాక, ఇంటినుంచి వచ్చే ఉత్తరాలు పక్కింటివాళ్ల చేత చదివించుకోవడం సిగ్గనిపించి, కిరాణా పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. అందుకని సంఘంవాళ్లు రిజిస్టరు నా చేతికిచ్చినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

నాకో అలవాటు ఉండేది. ప్రయాణం పేర్లు ముందు పెన్సిలుతో రాసేదాన్ని. కేలండరులో రాహుకాలం దాటాకే సిరాతో దిద్దేదాన్ని. నా తమ్ముడు అస్సాం వెళ్తానని రాహుకాలంలో గడప దాటాడు. మళ్లీ వాడి మొహం చూడలేదు. అప్పటినుంచీ ఎవరు సంచి భుజాన వేసుకున్నా ముందు కేలండరు చూస్తాను.

కిందటి వానాకాలంలో రిజిస్టరుని కంప్యూటరులోకి ఎక్కించింది యోగిత, మా పక్కింటి రత్నం కూతురు. సాక్చీలో ఏదో ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. నన్ను హిందీలో నానీ అంటుంది, అంటే అమ్మమ్మ. నేను తెలుగులో అడిగితే సగం హిందీలో చెబుతుంది.

"దేఖో నానీ, డేటాబేస్ అంటే గళ్లు గీసిన నీ రిజిస్టరే. అది ఎక్కడో అద్దె సర్వర్లో ఉంటుంది. నేను రాసిన ప్రోగ్రాం ఇక్కడ, ఈ లాప్‌టాప్‌లో. దీని భాష దానికి రాదు, దాని భాష దీనికి రాదు. అందుకే మధ్యలో అడాప్టర్ లైబ్రరీ పెట్టాను. అదే దానితో కనెక్షన్ కలుపుతుంది, మన మాట అక్కడికి చేరుస్తుంది, దాని జవాబు ఇక్కడికి తెస్తుంది."

"లైబ్రరీలో పుస్తకాలుంటాయి గదే?"

"అరే నానీ! ఇందులో వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ఉంటుంది. నేను మొదటినుంచీ రాసుకోకుండా అది తెచ్చి వాడుకుంటాను."

మొదట్లో, పేరు చేర్చగానే దానంతట అదే ఖాయమయ్యేలా పెట్టింది. నేనే ఒప్పుకోలేదు. పెన్సిలు ఎక్కడుంది, సిరా ఎక్కడుంది అని పట్టుబట్టాను. యోగిత చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత నాకోసం మార్చింది.

"ఆటో కమిట్, అదే దానంతట అది ఖాయం కావడం, తీసేశాను. 'చేర్చు' నొక్కితే పెన్సిలు. నీ తెరమీద మాత్రమే కనిపిస్తుంది. 'ఖాయం' నొక్కితే సిరా. అప్పుడే అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. మధ్యలో కనెక్షన్ తెగితే పెన్సిలు రాత అంతా పోతుంది. యాద్ రఖ్‌నా, మరిచిపోకు."

సంఘం కార్యదర్శి వెంకటరావు, రిటైరైన రైల్వే మనిషి, దానికి రాహుకాలం సాఫ్ట్‌వేర్ అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలిదాని మాటకి ఒక చదువుకున్న పిల్ల విలువిచ్చిందని లోపల పొంగిపోయాను.

ఆ బుధవారం సంచి సర్దడం అయ్యాక అమ్మణ్ణిని తీసుకుని సంఘం గదికి వెళ్లాను. పన్నెండున్నర అయింది. లాప్‌టాప్ తెరిచి ఒక్కో అక్షరం కొట్టాను. అమ్మణ్ణి పేరు, బండి, పెట్టె, బెర్తు, 'తోడు కావాలి'. 'చేర్చు' నొక్కాను. తెరమీద పేరు వచ్చింది.

"అదుగో నా పేరు," అంది అమ్మణ్ణి. ఆవిడకి చదువు రాదు, ఏ గీత చూపించినా అలాగే అనేది. "ఇంకేటి, అయిపోనాదా?"

గోడమీది కేలండరు చూశాను. బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం.

"కాసేపాగు. మంచి ఘడియ రానీ."

"నాకు ఆకలేత్తంది వదినా. నీ ఘడియ వచ్చీసరికి నాను రాలిపోతాను."

నవ్వుకుంటూ లాప్‌టాప్ మూత వేసి, ఆవిడని మా ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాను. భోంచేశాక సంచిలోంచి టోపీ తీసి, పిల్లవాడి తలకి సరిపోతుందా అని నా పిడికిలికి తొడిగి చూసింది. వాడి పేరు ఏమిటో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ మాటల్లో మూడయింది. నేను మళ్లీ సంఘం గదికి వెళ్లలేదు. కావాలని కాదు, మరిచిపోయాను. తెరమీద పేరు చూశాను కాబట్టి పని అయిపోయినట్టే నా మనసు ఊరుకుంది.

శుక్రవారం పొద్దున్న ఆదిబాబు స్టేషన్నుంచి ఫోను చేశాడు.

"అత్తా, పేరెక్కించినావు గదా? నాకు డూటీ టైమైపోతంది."

"ఎక్కించేను నాయనా. వెంకటరావు అదే బండి. చూసుకుంటాడు, నువ్వెళ్లు."

వాడు తల్లిని బెర్తు మీద కూర్చోబెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

వెంకటరావు గురువారం సాయంత్రమే ఫోనులో జాబితా చూసుకున్నాడట. అందులో ఎవరి పేరు పక్కనా 'తోడు కావాలి' అని లేదు. రెండు పెట్టెల అవతల కూర్చుని పేపరు చదువుకున్నాడు. పలాసలో అమ్మణ్ణి తమ్ముడు ఆ పెట్టె ముందు నిలబడ్డాడు. ఆవిడ దిగలేదు. సంచి బెర్తు మీదే ఉంది. సాయంత్రం అయిదింటికి ఒడిశాలో ఏదో చిన్న స్టేషన్లో బండి ఆగితే, మా ఊరొచ్చింది అంటూ దిగిపోయిందని ఎదుటి సీటువాళ్లు చెప్పారు.

ఆదిబాబు తొమ్మిది రోజులు స్టేషన్లన్నీ తిరిగాడు. పోలీసులకి చెప్పాడు. తెలుగులో, ఒడియాలో, హిందీలో కాగితాలు అచ్చు వేయించి అంటించాడు. తిరిగొచ్చిన మర్నాడు ఆదివారం, సంఘం మీటింగు. వెంకటరావు లేచి ఫోను అందరికీ చూపించాడు.

"చూడండి. పేరుంటే నేను వదిలేస్తానా? ఇరవై ఏళ్లుగా ఎంతమందిని దింపాను!"

ఆదిబాబు యోగిత వైపు తిరిగాడు. "నీ కంపూటరు మాయమ్మ పేరు మింగీసినాది. కాయితం మీద ఉన్నన్నాళ్లూ ఒక్క పేరు పోనాదా? సెప్పు!"

యోగిత లేచి నిలబడింది. "మేరీ గల్తీ హోగీ, మామా. నా తప్పు ఎక్కడుందో వెతుకుతాను," అంది.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, అరుగుమీద నా పక్కన కూర్చుంది.

"నానీ, నువ్వు ఖాయం నొక్కావు కదా?"

ఆ మాట అడిగిన క్షణంలో నాకు అంతా గుర్తొచ్చింది. కేలండరు, ఒకటిన్నర, నేను వేసిన మూత.

"నొక్కేనమ్మా," అన్నాను.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. భయం అని చెప్పుకోవచ్చు. కానీ భయం కంటే ముందు వచ్చింది పరువు. ఇరవై రెండేళ్లు ఒక్క పేరూ తప్పని చేయి నాది అని ఊరంతా అనుకుంటోంది.

యోగిత నా మాట నమ్మింది. అదే నన్ను కాల్చింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చునేది. కోడ్ మొదటినుంచి చివరిదాకా చదివేది. కనెక్షన్ తెంచి చూసేది, కలిపి చూసేది. ఉత్తుత్తి పేర్లు వందలకొద్దీ చేర్చి, ఖాయం చేసి, లెక్క సరిపోయిందా అని చూసేది. ప్రతిసారీ సరిపోయేది. "అన్నీ బాగానే ఉన్నాయి రత్నమ్మా, అదే నాకు భయం," అని తల్లిని పేరుపెట్టి పిలుస్తూ జోకు వేయబోయి ఏడ్చేసిందట. రత్నం నాతో చెప్పుకుంది. నేను ఓదార్చాను కూడా.

ఇరవై రోజులకి యోగిత మళ్లీ వచ్చింది. ఆ అడాప్టర్ లైబ్రరీ రాసినవాళ్లకే ఇంటర్నెట్‌లో ఉత్తరం పెట్టిందట. జవాబు వచ్చింది. ఫోనులో చూపించి అర్థం చెప్పింది.

"నేను పంపిన లాగ్, అంటే ప్రోగ్రాం చేసిన పనుల చిట్టా, చూశారట. కమిట్, అదే ఖాయం, అసలు పిలవలేదు, కనెక్షన్ మూసుకుపోయింది, అందుకని డేటాబేస్ ఆ పేరున్న వరస వెనక్కి తీసేసుకుంది అంటున్నారు. వాడే మనిషిని అడగండి అని రాశారు."

"నువ్వేటి రాసినావు?"

"నేను ఒప్పుకోలేదు. ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తోంది, నొక్కానని చెప్పింది, ఆవిడ అబద్ధమాడదు, మీ లైబ్రరీలోనే ఏదో తప్పుంది, మళ్లీ చూడండి అని రాశాను."

అప్పుడు చెప్పాను. "నేను నొక్కలేదు యోగితా. రాహుకాలం దాటాక నొక్కుదామని మూత వేశాను. నువ్వడిగిన రోజే నాకు గుర్తొచ్చింది."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. ఫోనులో వాళ్లకి తను రాసిన జవాబు మళ్లీ తెరిచింది. "బీస్ దిన్, నానీ. ఇరవై రోజులు," అంది. తర్వాత అక్కడే కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్లకి, తప్పు మీది కాదు, మాదే, క్షమించండి అని టైపు చేసింది. పంపాక లేచింది.

"ఖాయం కాని పేరుని వేరే రంగులో చూపించాల్సింది. అది నా తప్పు. మిగతాది నువ్వే వెళ్లి చెప్పాలి. నేను నీతో రాను."

సిద్ధగోరా వెళ్లి ఆదిబాబుకి చెప్పాను. వాడు నన్ను కూర్చోమనలేదు. గోడకి ఆనుకుని విన్నాడు.

"నాను మాయమ్మని బండిలో ఒగ్గీసి ఎలిపోనాను, నీ మాట మీద," అన్నాడు. "ఆ పిల్లని అందరి ముందరా అనీసినాను అత్తా. అందరి ముందరే నువ్వు సెప్పాల," అన్నాడు.

తర్వాతి ఆదివారం మీటింగులో లేచి చెప్పాను. ఏమీ దాచలేదు. మరిచిపోవడం ఒక్కటే కాదు, ఇరవై రోజుల అబద్ధం సంగతి కూడా చెప్పాను. రాళ్లు పడతాయనుకున్నాను. వెంకటరావు గొంతు సవరించుకున్నాడు.

"పోనీ అక్కా. పెద్దదానివి. కావాలని చేశావా ఏటి? ఊరుకో, కూర్చో."

ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో మంచినీళ్లిచ్చారు. నన్ను క్షమించడానికి వాళ్లకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ పిల్లని మాత్రం ఈ మూడు వారాలూ వీధిలో పలకరించినవాడు లేడు. యోగిత వెనక వరసలో ఉంది. నాకు మంచినీళ్లు ఇవ్వడం చూసి లేచి బయటికి వెళ్లిపోయింది. ఆమెకి క్షమాపణ చెప్పాలని ఆదిబాబు ఒక్కడే వెంట నడిచాడు.

నేను ఆ నీళ్లు తాగలేదు. కూర్చోనూలేదు.

అమ్మణ్ణి 2024 ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, శుక్రవారం పొద్దున్న టాటానగర్‌లో బండి ఎక్కింది. తిరిగి రాలేదు.