బోడెమ్మ మోకాలెత్తు

నేను ఒక ముసలి డీజిల్ జీపుని. వెనక తొట్టి ఉన్న రకం. పుట్టింది ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో. మొదట ఒక గవర్నమెంటు ఆఫీసువారు నన్ను పన్నెండేళ్ళు చింతచెట్టు కింద నిలబెట్టి దేశసేవ చేయించారు. తర్వాత ఒక కాంట్రాక్టరు ఇసుక మోయించాడు, కూతురి పెళ్ళికి పూలదండ వేశాడు, ఆ వారమే అమ్మేశాడు. మూడో యజమాని పాంగి సోంబాబు. పాడేరు కొండల్లో గుమ్మలబంద అనే ఊరు. మనిషి మంచివాడే. మంచివాళ్ళ చేతికి సెల్‌ఫోను వస్తే ఏమవుతుందో నా ఒంటిమీద చూడొచ్చు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. అల్లం తవ్వకం మొదలైన మొదటి బుధవారం, సంతకు వెళ్ళే బళ్ళు ఊరి మొదట్లో పక్కపక్కన నిలబడాలి. నెత్తిన బుట్టలతో వచ్చిన ఆడవాళ్ళు తమకు నచ్చిన బండిలో బుట్ట పెడతారు. ముందు అందరికన్నా పెద్దావిడ పెట్టాలి. ఆమె ఎందులో పెడితే మిగతావాళ్ళూ అందులోనే. ఎవరూ నోరు విప్పరు. ఏడాదంతా ఊరి సరుకు ఆ బండిదే. మూడేళ్ళుగా ఆ బుట్టలు నావే. ఈసారి మా ఊరి అప్పన్న కూడా ఒక జీపు కొన్నాడు. బుట్ట పడకపోతే నన్ను పాత ఇనుముకి వేసేసి, విశాఖపట్నం పోయి ఎవరి కారో తోలుకుంటానని సోంబాబు పెళ్ళాంతో అన్నాడు. నన్ను ఆనుకునే అన్నాడు. నాకు వినపడదనుకున్నాడు కాబోలు.

వానల్లో ఊరి దారికి అడ్డంగా పారే గెడ్డ, అదే కొండవాగు, దాటుతుంటే రాయి తగిలి నా గేరుబాక్సు పగిలింది. అందుకని సోంబాబు నా ఒంటి బరువు మోసే కమాను పట్టీలకి ఇంకో నాలుగు పట్టీలు చేర్చి, నన్ను జానెడు పైకి లేపించాడు. ఇంతవరకూ బుద్ధిగానే ఉంది. ఎత్తయిన బండికి ఆ పాత చక్రాలేమిటి, పొడుగు మనిషికి పొట్టి లాగు తొడిగినట్టుంది అని ఎవరో అన్నారట. ఆ ఎవరో సోంబాబే.

నెల్లాళ్ళు ఫోనులో చక్రాలే చూశాడు. ఎడారిలో ఎగిరే బళ్ళు, మంచులో దూకే బళ్ళు. అల్లం బుట్టలు మోసే బండి మాత్రం ఒక్కటీ లేదు. నర్సీపట్నంలో టైర్ల షాపు సత్తారు చెప్పి చూశాడు. "ఇంత వెడల్పువి మీ ఘాట్‌కి వద్దు సోంబాబూ. సన్నగా, గాడులు లోతుగా ఉన్నవి తీసుకో. బురదలో దిగి నేలని పట్టుకుంటాయి." పాపం, ముప్పై ఏళ్ళుగా టైర్లు అమ్ముతున్న మనిషికి ఏం తెలుస్తుంది? నాకు నల్లటి అల్లాయ్ రిమ్ములొచ్చాయి. వాటికి ఏనుగు పాదాల్లాంటి టైర్లు, ఒంటికన్నా అరచెయ్యంత బయటికి.

ఊరు ఊరంతా నా పక్కన నిలబడి ఫోటోలు దిగింది. నేనూ కాస్త పొంగిపోయాననే చెప్పాలి. ఘాట్‌లో స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుని గీరేది. అందుకని ప్రతి మలుపులో ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ తిరగాలి. బురద నేలమీద ఉండక అద్దాల మీదికి వచ్చేది. ఇదంతా స్టైలు అని సోంబాబు చెప్పుకున్నాడు.

బుట్టలు పెట్టే వారానికి ముందు బుధవారం బోడెమ్మ సంతకు బయల్దేరింది. ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ, సోంబాబుకి మేనత్త. ఎప్పుడూ ముందు సీటే. ఎడమకాలు ఎత్తింది, అందలేదు. కుడికాలు ఎత్తింది. తలుపు పట్టుకుని మళ్ళీ ఎడమకాలు. సోంబాబు ఇంట్లోంచి పీట తెచ్చి వేశాడు. పీట బురదలో ఒరిగి, ఆవిడ పడబోయి నన్ను పట్టుకుంది.

"ఎత్తి కూచోబెడతానత్తా" అన్నాడు.

"ఇక్కడ నువ్వెత్తుతావు. సంతలో ఎవలెత్తుతారు? నానేటి బస్తానా?"

వెళ్ళి అప్పన్న బండెక్కింది. దాని టైర్లు గుండులా నున్నగా అరిగిపోయాయి, మెట్టు మాత్రం కాలికి అందుతుంది. మిగతావాళ్ళూ ఆవిడ వెనకే వెళ్ళారు. మేం ఖాళీగా సంతకు వెళ్ళి ఖాళీగా వచ్చాం. నాకు నిజంగా భయమేసింది. పాత జీపుల్ని కోసే చోటు నేను చూశాను.

మర్నాడు అతను అత్త గుమ్మంలో నిలబడ్డాడు. "నర్సీపట్నం రావాలత్తా. టైర్లు ఎంచాలి."

"నాకేటి తెలుసురా టైర్ల సంగతి?"

"నాకూ తెలీదని తేలిపోయింది కదా."

ఆవిడ వస్తానంది, కానీ బస్సులో. ఆ బస్సు వెనకాలే కొండ దిగాను.

"సైజెంత?" అన్నాడు సత్తారు.

సోంబాబు ఈసారి ఫోను తియ్యలేదు. "ఈవిడ కాలు ఎంత లేస్తే అంత."

బోడెమ్మ గోడ పట్టుకుని కాలెత్తింది. సత్తారు టేపు పెట్టి, "ఇంకొంచెం అమ్మా" అన్నాడు. "లేవదు" అంది. ఆ లెక్కకే నన్ను దించారు. రెండు పట్టీలు తీసేశారు. ఉత్త ఇనుప రిమ్ములు, వాటికి సన్నటి గాడుల టైర్లు, తలుపు కింద మెట్టు ఒకటి. తిరిగి వెళ్ళేటప్పుడు గెడ్డలో ఆ రాయి నా కడుపుకి నాలుగు వేళ్ళ దూరంలో తప్పుకుంది. ఇప్పుడు నా పక్కన ఎవరూ ఫోటో దిగరు.

బుధవారం వచ్చింది. నేనూ, అప్పన్న జీపూ. బోడెమ్మ నెత్తిన బుట్టతో వచ్చి, మా ఇద్దరి ముందూ నేలమీద దించింది. అలా ఎవరూ దించరు. ఆవిడ నా మెట్టు మీద కాలు పెట్టింది. ఎక్కింది. దిగింది. తొందరేమీ లేనట్టు మళ్ళీ ఎక్కి సీట్లో సర్దుకుంది.

"బుట్ట అందించరా" అంది.

సోంబాబు అందించాడు. ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత బుట్టలు ఒకదాని వెంట ఒకటి నా తొట్టిలోకి వచ్చాయి. ఆ బరువుకి నా పట్టీలు మెల్లగా కిందికి దిగాయి. అంత సుఖంగా నేనెప్పుడూ దిగలేదు.