ఎర్ర గుర్తు దగ్గర నిలబడినందుకు

నేను ఒక ఎర్ర రంగు పూసిన కొయ్యదిమ్మెను. జానెడు ఎత్తు ఉంటాను. నేలలో పాతడానికి అడుగున ఒక ఇనుప మేకు ఉంది. గోల్ఫ్ మైదానంలో మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు. తాగే టీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ చోటుకు అటొకటి ఇటొకటి నాలాంటి దిమ్మెలను పాతుతారు. వాటి మధ్య బంతి పెట్టి కొట్టాలి. తెల్ల దిమ్మెలు వెనకాల ఉంటాయి, ఎర్రవి ముందు. తెల్లవాటి దగ్గర నుంచి కొడితే బంతి చివరికి పడాల్సిన గుంటకు దూరం ఎక్కువ, ఎర్రవాటి నుంచి తక్కువ. ఉన్న తేడా అంతే. అంతమాత్రం తేడా కోసం మనుషులు ఒకరినొకరు ఏం చేసుకోగలరో కళ్లారా చూశాను కనుక చెబుతున్నాను.

విశాఖ దగ్గర, సముద్రపు గాలి తగిలే కొండల నడుమ ఉన్న ఒక క్లబ్బు మాది. తుఫానుకు కూలిన నేరేడు చెట్టు కొమ్మను కోసి కొండలాచారి అనే వడ్రంగి మమ్మల్ని చేశాడు. తొమ్మిది గుంటల మైదానానికి తెల్లవి పద్దెనిమిది, ఎర్రవి పద్దెనిమిది కావాలన్నారు. ఆయన దిమ్మెలన్నీ వరసగా పేర్చి, ముందు తెల్ల రంగు డబ్బా తెరిచాడు. పద్దెనిమిది అయ్యాక ఆ డబ్బా మూసి ఎర్రది తెరిచాడు. నేను వరసలో పంతొమ్మిదోదాన్ని. ఒక్క స్థానం ముందుండి ఉంటే మగవాళ్ల దిమ్మెనయ్యేదాన్ని. అవును, క్లబ్బు వరండాలో బోర్డు అలాగే ఉండేది: పురుష సభ్యులు తెల్ల గుర్తుల నుంచి, స్త్రీలు ఎర్ర గుర్తుల నుంచి ఆడవలెను. ఒకే కొమ్మలో పుట్టిన మాకు కుంచె తగిలాక ఆడా మగా తేడా వచ్చింది.

నన్ను మూడో గుంట ఆట మొదలయ్యే టీ దగ్గర పాతారు. అక్కడ ఆటకు అడ్డంగా ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, పారుతుంది. తెల్ల దిమ్మెల నుంచి కొట్టిన బంతి గెడ్డ దాటాలంటే నూట నలభై గజాలు గాలిలో ఎగరాలి. నా దగ్గర నుంచి ఎనభై చాలు.

నా కథలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు పేరిశెట్టి భుజంగరావుగారు. హార్బరులోకి వచ్చే పెద్ద ఓడలను దారి చూపి ఒడ్డుకు చేర్చే పైలట్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఆయన కొట్టిన బంతి గెడ్డ దాటి ఎక్కడో జీడిమామిడి తోట అంచున పడేది. డెబ్బయ్యో ఏట పక్షవాతం వచ్చింది. కోలుకున్నారు కానీ ఎడమ చెయ్యి మునుపటిలా లేవదు. ఏడాది తర్వాత మళ్లీ క్లబ్బుకు వచ్చిన రోజు తెల్ల దిమ్మెల మధ్య నిలబడి కొట్టారు. బంతి గెడ్డలో పడింది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

రెండోవారు బొడ్డేటి దమయంతి. ఆమె తండ్రి భుజంగరావుగారి దగ్గరే ఓడలను లాగే టగ్ బోటు నడిపేవాడట. ఆమె రైల్వే జట్టులో హాకీ ఆడింది. మోకాలు దెబ్బతిని అది వదిలేసి, ముప్పై నాలుగేళ్ల వయసులో గోల్ఫ్ కర్ర పట్టుకుంది. హాకీ చేతులు కదా, ఆ కొట్టుడే వేరు. నా దగ్గర నుంచి కొడితే బంతి గడ్డి మైదానమంతా దాటిపోయి పొదల్లో పడేది. అందుకని పొట్టి కర్ర తీసుకుని, బలమంతా బిగబట్టి, తట్టినట్టు కొట్టేది. పరుగెత్తగలిగిన మనిషిని ఆచితూచి నడవమన్నట్టు ఉండేది.

ఆషాఢంలో ఒక ఉదయం మైదానంలో వాళ్లిద్దరే ఉన్నారు. ఆయన బంతి మళ్లీ గెడ్డలో పడింది. కర్ర నేలకానించి ఆ నీళ్లవంకే చూస్తూ నిలబడ్డారు. దమయంతి వెళ్లి ఆయన సంచీ తన భుజానికి తగిలించుకుంది.

"బాబాయ్‌గారూ, రండి. ఇవాళ ఎర్రదాని దగ్గర నుంచి కొట్టండి."

"ఎవరన్నా చూస్తే బాగోదమ్మా."

"కాకులున్నాయి, అవి చెప్పవులెండి. మీ తెల్లది నాకిచ్చేయండి. నాకూ తనివితీరా ఒక్కసారి కొట్టాలనుంది."

ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు. మగవాడి బూట్లు నా పక్కన నిలవడం అదే మొదలు. కొట్టారు. బంతి పెద్ద ఎత్తుకేమీ లేవలేదు, కానీ గెడ్డ దాటింది. అవతలి గడ్డి మీద తెల్లగా కనబడింది. ఆయన కర్ర దించి దమయంతి వైపు తిరిగారు. "దాటింది కదూ?" అని అడిగారు, తన కళ్లతో తాను చూసి కూడా.

"దాటింది బాబాయ్‌గారూ!"

వెనక తెల్లదాని నుంచి ఆమె కొట్టిన బంతి నా తల మీదుగా రివ్వుమని పోయింది. ఆ రోజు వాళ్లు చిన్నపిల్లల్లా నవ్వుకుంటూ వెళ్లారు. తర్వాత మూడు వారాలు అలాగే ఆడారు. నా జీవితంలో నేను దేనికైనా పనికొచ్చానంటే ఆ మూడు వారాలే.

ఎవరో చూశారు. ఎవరో ఫిర్యాదు రాశారు. కార్యదర్శి నీలాద్రిరావుగారు మరో ఇద్దరు కమిటీ సభ్యులతో బ్యాటరీ బండిలో నేరుగా మూడో గుంట దగ్గరికే దిగారు. నీలాద్రిరావుగారు చెడ్డ మనిషి కారు. చెట్టు కొట్టనివ్వరు, పనివాళ్లకు పండక్కి బట్టలిప్పిస్తారు. కానీ బోర్డు మీద రాసి ఉన్నది దేవుడు రాశాడని ఆయన నమ్మకం.

"పైలట్‌గారూ, ఇదేంటండీ మీరు ఇక్కడ నిలబడ్డారు?" అన్నారు.

"అక్కడ నుంచి నాకు గెడ్డ దాటడం లేదండీ."

"ఆటన్నాక అదే కదండీ సవాలు!"

దమయంతి అందుకుంది. "సార్, ఒక్క నిమిషం. నేను తెల్లదాని నుంచి కొడతాను, మీరూ కొట్టండి. ఎవరిది ఎంత దూరం పోతుందో చూద్దాం."

పక్కన ఇద్దరు సభ్యులు ఉన్నారు కనుక ఆయన కాదనలేకపోయారు. ఆమె బంతి గెడ్డ దాటి, మైదానం మధ్యలో దొర్లి ఆగింది. ఆయనది దానికి ముప్పై గజాలు ఇవతల పడింది. సభ్యుల్లో ఒకాయన దొంగ దగ్గు దగ్గారు. ఆమె గెలిచిందనే అప్పుడు నేను అనుకున్నాను. కొయ్యదిమ్మెను, నాకేం తెలుసు! తనను ఓడించిన ఆడమనిషికి న్యాయం చేయడం మగవాడికి ఎంత కష్టమో ఆ రోజు అర్థమైంది.

"చూడ్డానికి బాగానే ఉందమ్మా," అన్నారు నీలాద్రిరావుగారు, మొహం ఎర్రబడుతూ. "కానీ పోటీలున్నాయి, రికార్డులున్నాయి. ఇవాళ మీ ఇద్దరికీ ఒప్పుకుంటే రేపు ఎవరికి తోచిన చోట వాళ్లు నిలబడతారు."

"నిలబడితే ఏమవుతుంది సార్? ఏ గుర్తు నుంచి ఆడితే ఎన్ని దెబ్బలు వెసులుబాటు ఇవ్వాలో లెక్క మన స్కోరు కార్డు మీదే అచ్చేసి ఉంది కదా. ఎవరి బలాన్ని బట్టి వాళ్లు ఆడుకుంటారు. ఇందులో ఎవరికి నష్టం?"

నీలాద్రిరావుగారు బండి ఎక్కి కూర్చున్నారు. "కమిటీలో పెడతాం," అన్నారు.

కమిటీ నిర్ణయం పది రోజులకు బోర్డు ఎక్కింది. స్త్రీలకు ఎర్ర గుర్తులు ఉన్నది వారి సౌకర్యం కోసమే కాబట్టి మార్చనక్కర్లేదు. పురుషులెవరైనా అనారోగ్య కారణంగా ఎర్ర గుర్తు వాడదలిస్తే డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. వారి పేరు నోటీసు బోర్డు మీద పెట్టబడుతుంది.

భుజంగరావుగారు సర్టిఫికెట్ తేలేదు. సముద్రంలో తుఫానుకు ఊగే ఓడల మీదికి తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కిన మనిషి, తన చెయ్యి చచ్చుబడిందని గోడకు అంటించుకోవడానికి ఒప్పుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆయన సంచీతో నా పక్క దారినే వెళుతుంటే గలగలమని చప్పుడైంది. సంచీ పట్టీకి ఎవరో డజను ఎర్ర గాజులు దారంతో కట్టారు. క్లబ్బు గేటు నుంచి ఇక్కడిదాకా కర్రల చప్పుడులో ఆయన గమనించలేదు. వెనక వస్తున్న నలుగురు మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. ఎవరు కట్టారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

గడ్డి కోసే అప్పలకొండ పరిగెత్తుకొచ్చి ఆ దారం తెంపింది. గాజులు ఒళ్లో పోసుకుని, ఆ నలుగురి వైపు తిరిగింది.

"ఏటి బాబూ నవ్వుతున్నారు? గాజులేసుకున్న చేతుల్తోనే నాను ఈ గడ్డి అంతా కోస్తన్నాను. మీరాడతన్నది దీని మీదే కదా!"

నవ్వులు ఆగాయి. కానీ భుజంగరావుగారు ఆ రోజు ఆడకుండానే వెనక్కి తిరిగారు.

ఆయన మానేసి ఉంటే బాగుండేది. మానలేదు. శ్రావణం చివరి ఆదివారం నెలవారీ పోటీకి పేరిచ్చారు. తెల్ల దిమ్మెల మధ్యకు వచ్చి నిలబడ్డారు. దమయంతి ఆడవాళ్ల జట్టుతో వెనక గుంట దగ్గర ఉంది. మొదటి బంతి గెడ్డలో పడింది. రెండోదీ. మూడోదీ. వెనక వంతు కోసం నిలబడ్డవాళ్లలో ఒకరు, "ఇంకా ఎన్నున్నాయి సార్ సంచీలో?" అన్నారు. ఇంకొకరు, "ముందుకెళ్లి కొట్టండి సార్, మేం ఏమీ అనుకోం," అన్నారు. ఆ రెండో మాటకు మళ్లీ నవ్వు.

ఆయన నాలుగో బంతి తీయలేదు. కర్ర పట్టుకుని నన్ను దాటి గెడ్డ వైపు నడిచారు. రాళ్ల మధ్య నీటి అంచున తన మూడో బంతి కనబడుతోంది. అక్కడికే దిగి, అది ఉన్నచోటు నుంచే కొడతానన్నారు. రూలు ప్రకారం అది తప్పు కాదు. నన్ను దాటుతున్నప్పుడు ఆయన కళ్లు నా వైపు రాలేదు. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టారు. ఎడమ చేత్తో పట్టుకోబోయారు. ఆ చెయ్యి లేవలేదు.

ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. దమయంతి ఆ మోకాలితోనే అంత దూరం పరిగెత్తి వచ్చి నీళ్లలో కూర్చుని ఆయన తల ఒళ్లో పెట్టుకుంది.

"ఎందుకు బాబాయ్‌గారూ? ఆ తెల్లదాని దగ్గర నిలబడకపోతే ఏమైంది?"

"నువ్వన్నావు కదమ్మా, నా బలాన్ని బట్టి ఆడమని," అన్నారాయన, పళ్లు బిగబట్టి. "వాళ్లు నా బలం మిగల్చలేదు."

తుంటి ఎముక విరిగింది. నడక పోయింది.

అప్పుడు క్లబ్బువాళ్ల గుండె కరిగింది. మనుషుల గుండె ఎప్పుడు కరగాలో దానికి ఒక వేళ ఉంటుంది కాబోలు. అది పని జరిగిపోయాక గానీ రాదు. కమిటీ కూర్చుని డెబ్బై దాటిన పురుషులకు ముందు గుర్తులు ఇవ్వాలని తీర్మానించింది. ఎర్ర దిమ్మెల దగ్గర నిలబడటం వారికి చిన్నతనంగా ఉంటుందని ఒకరు గుర్తుచేశారట. దానికీ ఉపాయం దొరికింది. నన్నూ నా జతనూ పీకి, బంగారు రంగు పూసి, మళ్లీ అదే రంధ్రంలో పాతారు. అంగుళం కూడా జరపలేదు. ఆడవాళ్లకు మరో పది గజాలు ముందుకు కొత్త ఎర్ర దిమ్మెలు వేశారు. వారి సౌకర్యం కోసమే.

ప్రారంభానికి భుజంగరావుగారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. నీలాద్రిరావుగారు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. "పైలట్‌గారూ, ఇది మీ పేరు మీదే. మొదటి బంతి మీ చేతులతో పెట్టాలి," అన్నారు.

భుజంగరావుగారు నా వంక చూశారు. బంగారు రంగు కింద నన్ను గుర్తుపట్టారు.

"నీలాద్రిరావుగారూ," అన్నారు నెమ్మదిగా, "మీ మగతనానికి ఈ రంగు సరిపోయిందాండీ? ముందే చెప్పి ఉంటే నేనే ఒక డబ్బా కొని తెచ్చేవాణ్ని."

చప్పట్లకు సిద్ధమైన చేతులు అలాగే ఉండిపోయాయి. దమయంతి కుర్చీ వెనక్కి తిప్పి ఆయనను తీసుకెళ్లిపోయింది. మర్నాడు తన సభ్యత్వం వదులుకుంటున్నట్టు కాగితం ఇచ్చిందని అప్పలకొండ తన తోటి పనివాళ్లతో చెబుతుంటే విన్నాను. ఆ చలికాలంలోనే భుజంగరావుగారు పోయారు. క్లబ్బు జెండాను సగానికి దించింది.

డెబ్బై దాటినవాళ్లు నా దగ్గర నుంచి హాయిగా ఆడుకున్నారు. గాజుల రోజున నవ్విన నలుగురిలో ఇద్దరు కూడా వచ్చారు. ఒకాయన తన వయసు రెండేళ్లు పెంచి చెప్పాడని కూడా విన్నాను.

తొమ్మిదేళ్ల తర్వాత కొత్త కమిటీ వచ్చింది. అంతా చిన్నవాళ్లు. పాత బోర్డు తీసేసి మొదటి గుంట దగ్గర కొత్తది పెట్టారు: స్త్రీ పురుష భేదం లేకుండా, వయసుతో పని లేకుండా, ఎవరికి అనువైన గుర్తు నుంచి వారు ఆడవచ్చు. ఒక్క సమావేశంలో, టీలు తాగుతూ, ఎవరూ గొంతు పెంచకుండా తేల్చేశారట. ఆకాశం విరిగి పడలేదు. ఆట నెమ్మదించలేదు. రికార్డులు చెరిగిపోలేదు. రంగురంగుల ప్లాస్టిక్ గుర్తులు వచ్చాయి. మమ్మల్ని మొదటి గుంట పక్కనున్న పంపు షెడ్డులో పడేశారు. ఇప్పుడు నా బంగారు రంగు పెచ్చులూడి, కింద ఎరుపు, ఆ కింద నేరేడు చెక్క కనబడుతున్నాయి.

పోయిన నెల ఎవరో అతిథిగా పిలిస్తే దమయంతి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. షెడ్డు తలుపు తెరిచే ఉంది కాబట్టి చూడగలిగాను. కొత్త కార్యదర్శి, పాతికేళ్ల మనిషి, ఎంతో మర్యాదగా, "మేడమ్, ఏ గుర్తు నుంచి ఆడతారు? మీ ఇష్టం," అన్నాడు.

ఆమె కొత్త బోర్డు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఎప్పుడు పెట్టారు?"

"రెండు నెలలైందండీ. ఇందులో పెద్ద విషయమేముంది మేడమ్, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు."

ఆమె సంచీలోంచి సగం తీసిన కర్రను మళ్లీ లోపల పెట్టేసింది. తెల్లదాని దగ్గరికీ వెళ్లలేదు, ఎర్రదాని దగ్గరికీ వెళ్లలేదు. అతను మోకాలు నొప్పేమో అనుకుని కుర్చీ తెప్పించాడు.