వెనక్కి పీల్చుకున్న మకరందం

తెల్లవారకముందే తూర్పున ఆకాశం ఎరుపెక్కింది. మబ్బు తునక కూడా లేదు. అంటే ఇవాళ గుమ్మడి పూలు తొందరగా విచ్చుకుంటాయి. నేనింకా పొయ్యి దగ్గరే ఉన్నాను.

పరిశోధన తోటలో పూల మకరందం కొలవడం నా ఉద్యోగం. కొన్ని పూలని విచ్చుకోగానే, కొన్నిటిని ముడుచుకునే ముందు కొలవాలి. తేనెటీగలు తాగేయకుండా ముందురోజు సాయంత్రమే మొగ్గలకి గుడ్డసంచులు కట్టి వస్తాను.

"ఆ పూలని పదింటికి తెరుచుకోమని చెప్పరాదూ?" అన్నాడు మా ఆయన, మంచం దిగకుండానే.

అత్తగారు పకపకా నవ్వింది. "పూలు వాసన చూస్తే జీతమిచ్చే ఉద్యోగం నాకూ ఒకటి చూడు అమ్మాయ్. ముందు వాడి చొక్కా ఇస్త్రీ చెయ్యి."

చేశాను. ఇస్త్రీపెట్టె కంటే నేనే ఎక్కువ కాలిపోతున్నాను. మకరందం ఊరికే ఊరుతుందనుకుంటారు. ఆకు ఎండలో కష్టపడి చేసిన చక్కెర కాడ గుండా పువ్వు అడుక్కి చేరి, అక్కడ పిండిగా దాగి ఉంటుంది. తెల్లవారబోతుంటే ఎంజైములు ఆ పిండిని విరగ్గొట్టి మళ్ళీ చక్కెర చేస్తాయి. ఒక్కొక్క కణం తన ఒంట్లో శక్తి ఖర్చుపెట్టి దాన్ని బయటికి నెడుతుంది. అప్పుడుగానీ ఒక చుక్క నిలవదు. తాగేవాళ్ళకి తీపే తెలుస్తుంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన, "నువ్వు ఇంట్లో ఉంటే పనులు వాటంతటవే అయిపోతాయి" అన్నాడు. పొగిడాడనుకుని మురిసిపోయాను. ఇవాళ గుర్తొస్తే చెంప పగలగొట్టాలనిపించింది. ఎవరి చెంపో తేల్చుకోలేకపోయాను.

తోటకి చేరేసరికి పూలు ముడుచుకుంటున్నాయి. సంచులు విప్పి సన్నటి గాజుగొట్టంతో తీసి చూస్తే, నిన్న తెల్లవారి కొలిచిన పూలలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. ఒక్క ఈగ దూరిన జాడ లేదు.

"ఎండకి ఆవిరైపోయుంటుంది," అన్నాడు మా పెద్ద సారు.

"ఆవిరైతే నీళ్ళే పోతాయి సార్. చక్కెర కూడా కొలిచాను, అదే తగ్గింది. ఎవరూ రాలేదుగా, పువ్వే వెనక్కి పీల్చేసుకుంది."

"అయ్యుండొచ్చు. ఇవాళ తెల్లవారి కొలత ఏదమ్మా? అది లేకుండా ఎవరు నమ్ముతారు? రేపూ ఇంతే అయితే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తా. మీ ఆడవాళ్ళకి ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి!"

నిజమే, ఎప్పుడూ ఏదో ఒకటి. దానికి పేరు కూడా లేదు. సాయంత్రం కోపంతోనే కొత్త మొగ్గలకి సంచులు కట్టాను. ప్రతి ముడీ గట్టిగానే పడింది.

ఇంటికెళ్ళి వండాను. రోజూ అందరికీ వడ్డించి గోడవారన నిలబడేదాన్ని. ఇవాళ నా కంచం నేను పెట్టుకుని ముందుగా కూర్చున్నాను.

"రేపు చీకటితోనే వెళ్ళిపోతాను. పొద్దుటి వంట, ఇస్త్రీ నేను చెయ్యను. రేపే కాదు, ఇంకెప్పుడూ."

"మరి ఎవరు చేస్తారు?" అన్నాడు మా ఆయన, నిజంగానే తెలియనట్టు.

"వాటంతటవే అయిపోతాయన్నారుగా."

కాసేపటికి అత్తగారూ, ఆయనా కూర్చున్నారు. కూరగిన్నె నా చేతికందేంత దూరంలోనే ఉంది. నేను జరపలేదు. మా ఆయన లేచి వచ్చి తల్లికి వడ్డించి, తనకీ వడ్డించుకున్నాడు. నేను కడుపునిండా తిన్నాను.