గొంతెత్తని గట్టు

తూర్పు గట్టు మీద మొదటి గూడు దగ్గర పాతిన పుల్ల నిలబడే ఉంది. దానికి కట్టిన గుడ్డ పీలిక గాలికి ఊగుతూనే ఉంది. కింద గుడ్లు మాత్రం చితికిపోయాయి. సొన మట్టిలోకి ఇంకి ఎండిపోతోంది. దాని మీద బూటు అచ్చు మడమతో సహా దిగి ఉంది.

వదిన భుజం మీది, ఉప్పు లాగే పలకను కిందికి దించి రెండో పుల్ల దగ్గరికి నడిచింది. అక్కడా అంతే. మూడో పుల్ల, నాలుగో పుల్ల, గట్టు చివరిదాకా అంతే. తొక్కినవాడు ఒక్క పుల్లనూ ముట్టుకోలేదు, ఒక్క గూటినీ వదల్లేదు.

ఆ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు వాటిని గట్టుపిట్టలంటారు. పిడికెడంత ఉంటాయి. చెట్టెక్కవు, కొమ్మ ఎరగవు. ఎండలు ముదిరే వేళకు వచ్చి, మడికీ మడికీ మధ్య గట్టు మీద, ఉత్త నేల మీద, నాలుగు గవ్వముక్కలు పక్కకు నెట్టుకుని గుడ్లు పెడతాయి. ఆ గుడ్లకూ గులకరాళ్లకూ తేడా తెలియాలంటే వంగి చూడాలి. నెత్తిన ఉప్పు తట్ట ఉన్న మనిషి ఏం వంగుతాడు? అందుకే వదిన అత్తగారి కాలం నుంచీ అక్కడొక పద్ధతి ఉంది. గూడు ముందుగా ఎవరి కంట పడితే వాళ్లు తమ పాత బట్ట చింపి పుల్లకు కట్టి పక్కన పాతాలి. పిల్లలు నడిచి నీళ్లలోకి దిగేదాకా ఆ చోట గట్టు చెక్కకూడదు, అటు నడవకూడదు. ఎవరి గుడ్డ ఉంటే ఆ గూటికి వాళ్లదే పూచీ.

నీలం పీలిక కట్టిన పుల్ల వదినది. ఆమె అక్కడికి వెళ్లేసరికి పిట్ట తిరిగి వచ్చి ఉంది. పగిలిన పెంకుల మీద కూర్చుని, ఎండ తగలకుండా రెక్కలు కాస్త విప్పి నీడ పడుతోంది. వదిన అక్కడే కూలబడింది. యాభై ఏళ్ల మనిషి, మొగుడు పోయిన నాడు కూడా పని మానని మనిషి, గట్టు మీద కూర్చుని బావురుమంది.

ఏడుపు పిట్టల కోసం ఒక్కటే అయితే ఇంత దూరం చెప్పుకోనక్కర్లేదు. ఆ మడులు పూడ్చి సరుకుల యార్డు కట్టే పని ఒక కాంట్రాక్టరు దక్కించుకున్నాడు. పిట్టలు గూళ్లు పెట్టిన నేలను, అవి ఎగిరిపోయేదాకా తవ్వకూడదని చట్టం ఉంది. కాలేజీ పిల్లలు అర్జీ పెడితే, తాను వచ్చి చూసి తేలుస్తానని అటవీశాఖ అధికారిణి కబురు పంపింది. గూళ్లుంటే ఈ ఏటి ఉప్పు చేతికొస్తుంది, మడి పనివాళ్ల సంఘానికి కోర్టుకెక్కే వ్యవధి దొరుకుతుంది. గూళ్లు లేకపోతే మర్నాడే మట్టి లారీలు దిగుతాయి. మడులూ పోతాయి, వాటి వెనక వరసగా ఉన్న రెండు వందల ఇళ్లూ పోతాయి. ఆవిడ వచ్చేది రేపే.

మధ్యాహ్నానికల్లా ఉప్పు షెడ్డు నిండిపోయింది. సంఘం కార్యదర్శిని అందరూ మైకు అంటారు. అతను మాట్లాడితే నాలుగు మడుల అవతలివాడు కూడా పని ఆపి వింటాడు. గుసగుసగా చెప్పబోయినా ఊరంతా తెలిసిపోతుంది కాబట్టి అతనికి ఎవరూ రహస్యాలు చెప్పరు. నిజానికి వదిన అతనొక్కడికే వదిన. అతను పిలిచీ పిలిచీ, ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లకు కూడా అదే అలవాటైంది.

"పుల్లల గుట్టు చెప్పింది మనవాళ్లే," అన్నాడు మైకు. "బయటివాడికి ఆ గుడ్డలేంటో ఏం తెలుసు? ఎక్కడా తడుముకోకుండా నేరుగా వెళ్లి తొక్కాడు."

చూపులన్నీ తూకం తాత మీదికి మళ్లాయి. ముప్పై ఏళ్లుగా కాటా దగ్గర కూర్చునే మనిషి ఆయన. కాటా ఉన్నది కాంట్రాక్టరు ఆఫీసు వాకిట్లో.

"నావైపు చూస్తారేంటి?" అన్నాడు తాత. "నేను ఉప్పు తూచేవాణ్ణి. మనుషుల్ని అమ్మేవాణ్ణి కాదు."

"ఆఫీసులో టీ తాగేది నువ్వొక్కడివే కదా," అన్నాడు బస్తా. అతను లారీలకు మూటలెత్తే ముఠాకు మేస్త్రి. మనిషి కూడా బస్తాలాగే నిండుగా ఉంటాడు, కదిలించడం కూడా అంత తేలిక కాదు.

తాత చెప్పుల కోసం చెయ్యి చాచాడు. వదిన అది చూసింది. తాను నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆ నింద ముసలాయన నెత్తిన పడి అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకు బాగానే తెలుసు. లేచి నిలబడింది.

"తాతను వదిలెయ్యండి. చెప్పింది నేను."

తాత వైపున్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"నాలుగు రోజుల కిందట కొలతలకని ఒక సర్వేయరు వచ్చాడు. దాహంగా ఉందక్కా అన్నాడు. నీళ్లిచ్చాను. ఈ గుడ్డలేంటక్కా అని అడిగాడు. ఇన్నేళ్లలో మన పని గురించి నన్ను అడిగినవాడు వాడొక్కడే. గొప్పగా అనిపించింది. తూర్పు గట్టంతా తిప్పి చూపించాను. వాడు పుస్తకంలో రాసుకుంటుంటే, నెమ్మదిగా రాసుకో తమ్ముడూ అని ఆగాను కూడా." ఆమె తన పాదాల వంక చూసుకుంది. "ఆ గూళ్లను నా కాళ్లతో నేనే తొక్కినట్టుంది."

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనుంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. తాత మాత్రం తన పక్కన చోటు చేసి, కూర్చోమన్నట్టు నేల తట్టాడు.

బస్తా తువాలు దులిపి లేచాడు. "అయిందేదో అయింది. రేపు పిట్టల కోసం లాఠీ దెబ్బలు తినమంటారా? మా ముఠా రాదు. యార్డు వస్తే అక్కడా బస్తాలుంటాయి, ఎత్తడానికి మేముంటాం."

"ఉండరు," అన్నాడు తాత. "ఆఫీసు టీ తాగుతానన్నావుగా, అక్కడి గోడ మీది ప్లాను కూడా చూస్తాను నేను. బస్తాలు క్రేను ఎత్తుతుంది. కాటా మిషను చూసుకుంటుంది. నీకూ నాకూ అందులో చోటు లేదు. పిట్టకు లేనట్టే."

"ముసలితనంలో నీకన్నీ భయాలే." బస్తా బయటికి నడిచాడు. అతని వెనకే ముఠా మొత్తం పోయింది. షెడ్డులో సగం ఖాళీ అయింది. మైకు ఒంటికాలి మీద లేచి వాళ్లను తిట్టబోతే వదిన చెయ్యి పట్టి ఆపింది.

"వాళ్లను తర్వాత తిడుదువుగాని. పడమటి గట్టు ఇంకా మిగిలుంది. వాడికి తూర్పు గట్టే చూపించాను. పుల్లలు కనిపిస్తే అక్కడికీ వస్తాడు. పీకేద్దాం."

"పీకేస్తే రేపు మనవాళ్లే తొక్కరా?"

"నీ గూడు ఎక్కడుంది?"

"మూడో తూము నుంచి పదకొండు అడుగులు, మడివైపు అంచున," అన్నాడు మైకు ఆలోచించకుండానే. అని, వదిన ముఖంలోకి చూశాడు. అర్థమైంది.

పొద్దు వాలకముందే పడమటి గట్టు మీద ఒక్క పుల్ల లేకుండా చేశారు. ఎవరి గుడ్డ వాళ్లు విప్పుకుని జేబుల్లో, కొంగుల్లో దాచుకున్నారు. గట్టు బోడిగా, గులకరాళ్లతో, ఏమీ ఎరగనట్టు పడి ఉంది.

మర్నాడు ఎండ ఎక్కుతుండగా రోలరు వచ్చింది. గూడు కనిపించకపోతే గట్టంతా తొక్కేస్తే సరిపోతుందని కాంట్రాక్టరు లెక్క. వెనకే జీపులో అతనూ, ఒక వ్యానులో ఎస్సై, పోలీసులూ దిగారు.

అప్పటికే పడమటి గట్టు మొదట్లో, రోలరు ఎక్కాల్సిన చోట, నూరు మందికి పైగా చేతులు కలుపుకుని నిలబడి ఉన్నారు. మడి పనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు, అర్జీ పెట్టిన కాలేజీ పిల్లలు. వదిన వాళ్లకు ముందే గట్టిగా చెప్పింది.

"ఎవరూ గట్టెక్కొద్దు. మనం దగ్గరికెళ్తే పిట్ట లేస్తుంది. ఈ ఎండలో పిట్ట కాసేపు లేస్తే గుడ్డు లోపలే ఉడికిపోతుంది. వాడు తొక్కక్కర్లేదు, మన చేతులతోనే చంపినవాళ్లమవుతాం. అరుపులు వద్దు. నినాదాలూ వద్దు."

"నినాదాల్లేని పోరాటమేంటి వదినా?" అన్నాడు మైకు దిగాలుగా.

"నోరు మూసుకుని చేసేది. నీకు కాస్త కష్టమే, ఓర్చుకో."

కాలేజీ పిల్ల ఒకతి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

రోలరు ఇంజను దడదడలాడుతోంది. గట్టు మీద ఇక్కడొకటి, అక్కడొకటి పిట్టలు లేచి చిన్నగా అరుస్తూ తిరగడం మొదలుపెట్టాయి. వదిన వరసలోంచి బయటికొచ్చి రోలరు డ్రైవరు దగ్గరికి నడిచింది. నూనె మరకల చొక్కా, నిద్ర చాలని కళ్లు.

"తమ్ముడూ, ఇంజను ఆపు. లేస్తున్నాయి."

అతను కాంట్రాక్టరు వైపు చూశాడు, పిట్టల వైపు చూశాడు. "ముందుకెళ్లమనేదాకా ఉత్తినే డీజిలు కాల్చడమెందుకులే," అని తనలో తాను గొణుక్కుని తాళం తిప్పాడు. పిట్టలు ఒక్కొక్కటే దిగాయి. ఎక్కడ దిగాయో చూడబోయిన కాంట్రాక్టరుకు గులకరాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"వీళ్లు పని అడ్డుకుంటున్నారు సార్," అన్నాడతను ఎస్సైతో. "ఇక్కడ గూళ్లే లేవు. నిన్నటిదాకా ఉన్న గుడ్డలన్నీ వీళ్లే పీకేశారు."

"గుడ్డలకూ గూళ్లకూ ఏంటి సంబంధం?" అని అడిగాడు ఎస్సై.

కాంట్రాక్టరు నీళ్లు నమిలాడు. నూరు జతల కళ్లు అతన్ని చూస్తున్నాయి, ఒక్క పెదవీ కదలడం లేదు. ఎస్సై తూర్పు గట్టు వైపు చూశాడు. అక్కడి పుల్లలూ పీలికలూ ఇంకా అలాగే ఉన్నాయి. ఆయనకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆయన చెయ్యాల్సిన పని మారలేదు. అలాంటి ఉద్యోగం అది.

"గూళ్లుంటే ఎక్కడున్నాయో చూపించండి," అన్నాడు వదినతో.

"ఉన్నాయి. అధికారిణిగారు వచ్చాక చూపిస్తాం. ఈయన ముందు మాత్రం చూపించం. ఒకసారి చూపించి బుద్ధొచ్చింది."

"ఎక్కండి వ్యాను."

"ఎక్కుతాం. కాస్త మెల్లగా లాగండి."

ఒక్కొక్కరినీ గుంజి తీస్తున్నారు. లాఠీ కాలి పిక్కల మీద పడుతోంది. పడినవాడు పళ్లు బిగిస్తున్నాడు తప్ప కుయ్ అనడం లేదు. లాగిన చోట ఖాళీ ఏర్పడగానే రెండు వైపుల నుంచీ జరిగి చేతులు కలుపుతున్నారు. మైకు చెంప మీద దెబ్బ పడినప్పుడు అతని మెడ నరాలు తాళ్లలా లేచాయి. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ సద్దులేనితనం పోలీసులకే బెరుకు పుట్టించింది. తిడితే కొట్టడం తేలిక, తిట్టనివాణ్ణి ఎంతసేపని కొడతారు?

ఇరవై మందితో వ్యాను నిండిపోయింది. తెచ్చింది ఒక్కటే. వరస ఇంకా మిగిలే ఉంది.

"నువ్వు రోలరు పోనియ్యి," అన్నాడు కాంట్రాక్టరు.

డ్రైవరు సీటు కింద ఏదో తీగ పట్టుకుని చూశాడు. "స్టార్టవ్వట్లేదు సార్," అన్నాడు, తాళం తిప్పకుండానే.

స్టేషనులో ఎస్సై ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. మళ్లీ గట్టు దగ్గరికి రాబోమని రాసి సంతకం చేస్తే ఇప్పుడే ఇంటికెళ్లొచ్చన్నాడు. అందరూ వదిన వైపు చూశారు.

"చెయ్యం," అంది వదిన. "పిల్లలు ఎగిరేదాకా రోజూ వస్తాం. ఎగిరాక కూడా వస్తాం. అప్పుడు మా ఇళ్ల కోసం వస్తాం. కేసు రాసుకోండి."

మైకు ఊచల వెనక కూర్చుని చెంప తడుముకున్నాడు. మూడు దాటింది, నాలుగు దాటింది. అధికారిణి వచ్చిందో లేదో, వరస నిలబడిందో చెదిరిందో చెప్పేవాళ్లు లేరు. వదిన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. తన వల్ల ఒక గట్టు పోయింది. రెండోది కూడా పోతే ఆ షెడ్డులో మళ్లీ తలెత్తుకుని కూర్చోలేదు.

సాయంత్రం కిటికీ అవతల అడుగుల చప్పుడైంది. ఒకటో రెండో కాదు. నిండుగా ఒక ముఖం కిటికీకి అడ్డం వచ్చింది. బస్తా.

"ఆవిడ వచ్చింది వదినా. తాత దగ్గరుండి తిప్పాడు. ఎవరి గూటికి వాళ్లే తీసుకెళ్లి చూపించారు, దూరం నుంచే. నీ తూర్పు గట్టు కూడా చూపించి, బూటు అచ్చులు ఫోటో తీయించాడు. పడమటి గట్టు మీద ముప్పై ఎనిమిది గూళ్లు. పిల్లలు ఎగిరేదాకా గడ్డపార కూడా దిగకూడదని రాసిచ్చింది."

వదిన ఊచల మీద తల ఆనించింది. మళ్లీ తలెత్తి అడిగింది. "నువ్వెందుకొచ్చావు? రానన్నావుగా."

"లారీ మీంచి చూశాం. మిమ్మల్ని కొడుతుంటే ఒక్కరూ నోరు విప్పలేదు." బస్తా చూపు తిప్పుకున్నాడు. "ముఠా మొత్తం బస్తాలు కింద పెట్టేసింది. నేను చెప్పలేదు, వాళ్లే పెట్టేశారు. ఇక నేనొక్కణ్ణీ ఎత్తి ఏం చెయ్యను?"

అతని భుజాల మీదుగా స్టేషను వాకిలి కనిపించింది. ముఠావాళ్లు, మడి పనివాళ్లు, నూనె మరకల చొక్కాతో రోలరు డ్రైవరు. వాకిలి చాలక రోడ్డు మీదికి నిండి ఉన్నారు. పొద్దుటి నుంచీ నోరు మూసుకున్న అలవాటుకో ఏమో, అంత మందీ ఊరికే నిలబడి ఉన్నారు.

బస్తా గొంతు తగ్గించి అడిగాడు. "ఇక్కడ గుడ్లు లేవు కదా వదినా. అరవొచ్చా?"

మైకు ఒక్క ఉదుటున లేచి ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ముందు వినిపించింది అతని గొంతు కాదు. ముప్పై ఏళ్లలో ఏ ఊరేగింపులోనూ వెనక వరసలో పలికిందే తప్ప ముందు అందుకోని గొంతు అది.

"గట్టు ఎవరిది?" అని అడిగింది వదిన.

బయట రోడ్డంతా ఒక్కసారిగా జవాబు చెప్పింది.