ఆటు నీళ్ళు

మా బావ పరీక్షకని నది నీళ్ళ సీసా తెచ్చి ల్యాబు బల్లమీద పెట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది. మోకాళ్ళ దాకా బురదతో రావలసిన మనిషి పెళ్ళికొడుకులా తెల్లప్యాంటుతో వచ్చాడు. కానీ ఏం తేలిందంటూ అవతల్నుంచి అక్క ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే నా బుర్ర పనిచేస్తుందా!

మా చిన్న నది సముద్రంలో కలిసేచోట గుల్లలు ఏరడం అక్క పని. పై ఊరి మురుగు నదిలో కలిశాక, ఆ గుల్లలు తింటే రోగాలొస్తాయని ఏరడం ఆపించారు. అప్పట్నుంచి అక్క చేపల షెడ్డులో ఐసు మధ్య వణుకుతూ పెట్టెలు సర్దుతోంది. ఇప్పుడు ఆ మురుగును శుద్ధి చేశాకే వదులుతున్నారు. నీళ్ళు బాగున్నాయని నా పరీక్షలో తేలితే చాలు, అక్క మళ్ళీ నదిలో దిగొచ్చు.

తేలింది. క్రిముల జాడే లేదు. అక్కకు చెబుదామని ఫోను తీసినదాన్ని, ఉప్పు ఎంతుందో చూసి ఆగిపోయాను. అది నది కాదు, అచ్చంగా సముద్రం. బావకు ఫోను చేశాను.

"నీళ్ళు ఎప్పుడు పట్టావ్ బావా?"

"పోటు మీదున్నప్పుడు. పడవ నేరుగా గట్టుదాకా వచ్చేసింది. చుక్క బురద అంటలేదు తెలుసా!"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పోటుకి సముద్రం లోపలికొచ్చేస్తుంది. నది సంగతి తెలియాలంటే అది వెనక్కి పోయాక, ఆటులో పట్టాలి."

అక్కకు చెప్పక తప్పలేదు. "ఎవరికి తెలుస్తుందే, ఊరుకో" అంటుందేమోనని భయపడ్డాను. అక్క ఆ మాటే ఎత్తలేదు.

"మొదటి గుల్లలు నీ కూతురికే వండిపెడదామనుకున్నానే," అంది. "పద, మళ్ళీ పట్టుకొద్దాం."

ఆటు వేళ ముగ్గురం దిగాం. బావ రెండడుగులేసి బురదలో చతికిలబడ్డాడు. లేపాల్సింది పోయి అక్కా నేనూ పడీ పడీ నవ్వాం. నవ్వుతూనే అక్క కాలి బొటనవేలితో బురద కెలికి ఓ గుల్ల పైకి తీసింది. ఎవరూ ముట్టుకోక అరచేయంత పెరిగింది. కాసేపు చూసి, ఉన్నచోటే కప్పెట్టింది.

"ఇంకొంచెం ఆగు తల్లీ," అంది దానితో.

పరీక్ష తేలేదాకా నేను ల్యాబు వదిలి కదల్లేదు. తేలాక, ఫోనులో చెప్పే కబురా అది? షెడ్డుకే పరుగెత్తాను.

"అక్కా, శుభ్రంగా ఉంది! ఈసారి నిజంగా నదే!"

అక్క చేతి తొడుగులు ఊడదీసి సూపర్‌వైజరు బల్లమీద పెట్టింది. ఐసుకు ముడతలుపడ్డ ఆ వేళ్ళు చూసి, సంతోషమే అయినా నాకు ఏడుపాగలేదు.

"రేపట్నుంచి రాను సార్," అంది అక్క.

ఆయన ఏదో అడుగుతూనే ఉన్నాడు. మేం అప్పటికే గేటు దాటేశాం.